బస్సు తిరిగే చోటు

మా కాలనీకి కాగితాల మీద నగర్ అని పేరు. నగరం మాత్రం రెండు మైళ్ళ అవతలే ఆగిపోయింది. ఇక నగలంటారా, అవి మా ఆవిడ మెడలోంచి దిగి నేరుగా ఆ స్థలంలోకే వెళ్ళాయి. అయిదు సెంట్ల స్థలం. సెంట్లు అయిదున్నా సువాసన ఒక్కటీ లేదు, పక్కనున్న వేరుశనగ చేనికి తోలిన పేడ ఎరువు వాసన తప్ప. ప్లాట్లు వేసినవాళ్ళు వేసి వెళ్ళిపోయారు. పాట్లు మాకు మిగిలాయి.

డెబ్బయ్యో దశకం చివరి మాట ఇది. తిరుపతి నడిబొడ్డున నాలాంటి గుమాస్తా కొనగలిగినవి కూరగాయలు మాత్రమే. నేల కావాలంటే ఊరు దాటాల్సిందే. చిత్తూరు రోడ్డు మీద టౌన్ బస్సు దిగి, లోపలికి మైలున్నర మట్టిదారిలో నడిస్తే మా ఇల్లు. దారిలో ఒక వంక. ఎండాకాలంలో ఇసుక, వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళు. చెప్పులు చేతికి, ప్యాంటు మోకాళ్ళ మీదికి ఎక్కేవి. ఆఫీసుకు ఆలస్యమైనప్పుడల్లా ఆ వంకనే నేను వంకగా చెప్పేవాణ్ణి. ఒకసారి మా పై అధికారి రిజిస్టరు మూసి, “వాన పడి మూడు నెలలైంది గదప్పా. మీ వంక ఇంకా పారతానే ఉండాదా?” అన్నాడు.

తిరుపతిలో ఇల్లుందంటే చుట్టాలకు కొదవుండదు. కొండకు వచ్చే ప్రతివాడికీ మన ఇల్లే సత్రం. మా ఇంటికి మాత్రం ఒకసారి వచ్చినవాళ్ళు రెండోసారి రాలేదు. చిత్తూరులో మామిడికాయల మండీలో పనిచేసే మా బావమరిది గంప నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి వచ్చి, గుమ్మంలో కూలబడి, “ఏం బావా, కొండకు నడిచొస్తానని మొక్కుకుంటారు. మీ ఇంటికి నడిచొస్తానని ఎవురు మొక్కుకున్నారు?” అని అడిగాడు. మా ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నవ్వలేదు. రేషను చక్కెర దగ్గర్నుంచి కిరసనాయిలు దాకా ఆ మైలున్నరా మోసుకొచ్చేది ఆవిడే మరి.

ఇంటికి గోడలు లేపి పైకప్పు వేయగానే, లోపల పూత పూయించకముందే, నేను కాంపౌండు గోడ కట్టించాను. కాలనీ అంతటికీ అదే మొదటి కాంపౌండు గోడ. దారి చివర మూలస్థలం మాది. మూల అంటే మూల, బద్ద పెట్టి గీసినంత సూటిగా ఉండాలని మేస్త్రీ వెంటపడ్డాను. అటుగా పోయేవాళ్ళు “ఇంటికి సొక్కాయి లేదు గానీ కండువా ఉండాదే” అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. మా సొంతూర్లో నాయన చేని గట్టు ఏటా కొంచెం కొంచెం జరిగి, చివరికి రెండు సాళ్ళు పక్కవాడి చేలో కలిసిపోయాయి. ఆ రెండు సాళ్ళ గురించి ఆయన పోయేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. అందుకే నా హద్దు మీద నాకు అంత పట్టు. గోడ లేనివాడి గోడు ఎవరు వింటారని ఆఫీసులో అందరికీ చెప్పి తిరిగేవాణ్ణి.

అట్లా రెండేళ్ళు గడిచాయి. ఇరవై ఇళ్ళ దాకా లేచాయి. మా పాప పక్క పల్లెలోని చిన్న బడిలో అయిదో తరగతి పాసయింది. ఆరు చదవాలంటే తిరుపతిలోని ఆడపిల్లల హైస్కూలుకు వెళ్ళాలి. పొద్దున రోడ్డు దాకా నా సైకిలు వెనక కూర్చుంటుంది, సరే. సాయంత్రం వాళ్ళ బడి వదిలేది నాలుగున్నరకు. నా ఆఫీసు వదిలేది పై అధికారి దయ కలిగినప్పుడు. రోడ్డు మీద దిగి పదేళ్ళ పిల్ల ఒక్కతే ఆ చేల మధ్య, ఆ వంక దాటుకుని రావాలి.

“పాప ఒక్కతే రాదు” అంది మా ఆవిడ. “జూన్లో బడి తెరిచే లోపల ఈడికి బస్సు రాకుంటే టౌన్లో రెండు రూములు సూడండి. ఇంటికి బీగం ఏసుకోని పోదాం.”

“మన ఇంటికి మనమే బీగమా?”

“బడి మాన్పించమంటారా?”

ఆ రోజే నిశ్చయించుకున్నాను, బస్సును రప్పించి తీరాలని. గుమాస్తా నిశ్చయించుకుంటే ఏం చేస్తాడు? అర్జీ రాస్తాడు. నాలుగు పేజీలు రాశాను. కాలనీవాళ్ళందరినీ మా ఇంటి ముందు కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించాను. నాలుగో పేజీ అడుగున రెండు గీతల జాగా మిగిలితే వృథా కావడం ఎందుకని, “ఈ విషయంలో కాలనీవాసులు ఎటువంటి త్యాగానికైనా సిద్ధంగా ఉన్నారని మనవి” అని చేర్చాను. ఆ వాక్యానికి చప్పట్లు కూడా కొట్టారు. చప్పట్లు పడిన వాక్యాన్ని ఎవరూ మరిచిపోరని నాకప్పుడు తెలియదు.

డిపో మేనేజరు అర్జీని శ్రద్ధగానే చదివాడు. “బస్సు పంపేదానికి నాకేం అభ్యంతరం లేదు. అయితే చివర్లో ఒకే ఊపున తిరుక్కోవల్ల. ఇళ్ళ మధ్యన వెనక్కి తీసే పని పెట్టుకోను. పిల్లలుంటారు, గొడ్లుంటాయి. తిరిగే చోటు చూపించండి” అన్నాడు.

ఇది న్యాయమైన మాటే. కాలనీ చివర, మా ఇంటి ముందు, దారి కొంచెం వెడల్పవుతుంది. అటుపక్క వేరుశనగ చేను, దాని అంచున మోటారు బిగించిన బావి. చేను ఆసామి ముసలాయన, మంచివాడు. “చేని అంచు ఎంత కావల్లో తీసుకోండి సామీ. రోడ్డు దాకా మూటలు మోసేది నాకూ తప్పతాది” అన్నాడు. ఇంక మేము ఆగలేదు. బస్సు తిరుగుతుందో లేదో పరీక్ష చేసి చూద్దామనుకున్నాం. పరీక్షకు బస్సు లేదు కాబట్టి ఆయన ఎద్దులబండినే తెప్పించాం.

బండి ఎంత ముద్దుగా తిరిగిందంటే, పక్కన ఇంకో బండి తిరిగేంత చోటు మిగిలింది. ఇరవై ఇళ్ళవాళ్ళూ ఈలలు వేశారు. నేను మర్నాడే డిపోకు వెళ్ళి, “ప్రయోగాత్మకంగా పరీక్షించి సంతృప్తి చెందాం” అని రాసి ఇచ్చాను.

చోటు చూసి రమ్మని మేనేజరు ఒక డ్రైవర్‌ను పంపాడు. చిత్తూరు రోడ్డు మీద రోజూ నన్ను దింపే డ్రైవరే. వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగు దిక్కులా చూశాడు.

“దేంతో తిప్పి సూసినారు సార్?”

“బండితో.”

“ఏం బండి?”

“ఎద్దులబండి” అన్నాను, కొంచెం గొంతు తగ్గించి.

ఆయన నవ్వు ఆపుకోవడానికి చాలా సేపు పట్టింది. “సార్, ఎద్దులు నడుము వంచుతాయి. నా బస్సు వంచదు. ముందు చక్రాలు యాడో ఉంటాయి, మూతి యాడో ఉంటాది. ఎనకాల తోక ఇంకా యాడో ఉంటాది. మూతినన్నా నమ్మొచ్చు గానీ తోకను నమ్మేదానికి లేదు. ముప్పైఆరు అడుగుల తాడు తెప్పించండి. గుండ్రంగా గీసి సూద్దాం.”

బావిలో నీళ్ళు చేదే తాడు తెచ్చారు. కొలిచి, నడుమ గూటం దిగ్గొట్టారు. గీయడం ఎట్లా అని మేము తలలు గోక్కుంటుంటే, మా ఆవిడ ముగ్గుపిండి డబ్బాతో గేటు తెరుచుకుని వచ్చింది. “తాడు బిగువుగా పట్టుకోండన్నా. నేను గీస్తాను” అంది డ్రైవర్‌తో.

చూపుడువేలికీ బొటనవేలికీ మధ్యనుంచి పిండి సన్నగా రాలుతుంటే, ఆమె వెనకడుగులు వేస్తూ గీత గీసుకుంటూ పోయింది. చేని అంచు మీదుగా, బావికి మూరెడు ఎడంగా, దారికి అడ్డంగా వచ్చి, గీత మా గోడను తాకింది. ఆమె ఆగలేదు. డ్రైవరు చేత తాడును గోడ మీదినుంచి ఎత్తించి, గేటులోంచి లోపలికి వెళ్ళి, నా మూల లోపల, బట్టలుతికే బండకు ఇవతల, నిమ్మ చెట్టు పాదులోంచి గీత గీసుకుంటూ వచ్చి, అవతలి గోడ దగ్గర ఆపి, మళ్ళీ బయటికి వచ్చి మిగిలింది పూర్తి చేసింది. గీత ఎక్కడా వంకర పోలేదు. పోయుంటే బాగుండేది.

అందరూ ముగ్గును చూసి, గోడను చూసి, నన్ను చూశారు.

“గూటాన్ని ఒక ఆరు అడుగులు అటు జరిపితే?” అన్నాను.

“జరపొచ్చు సార్. బస్సు బాయిలో దిగి నీళ్ళు తాగతాది” అన్నాడు డ్రైవరు.

చేను ఆసామి నా పక్కకు వచ్చి, మెల్లగా, “బాయి నాదే సామీ, జరపమంటే జరుపుతా. నీళ్ళే వొప్పుకోవు” అన్నాడు. మళ్ళీ, “అర్జీలో ఏందో త్యాగమని సదివినారే, అది మీరు రాసిందే గదా?” అని అడిగాడు. ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అదే మరీ కష్టం.

ఆ సాయంత్రం భోజనం దగ్గర నేను చాలా ఉపాయాలు చెప్పాను. చిన్న బస్సు అడుగుదామన్నాను. వంక దగ్గరే తిప్పుకొమ్మందామన్నాను. అన్నీ విని, మా ఆవిడ పాప కంచంలో పెరుగు వేస్తూ అడిగింది, “మీ నాయన రెండు సాళ్ళు పోయినాయని బాధపడినాడు. ఎందుకు?”

“వాడు లాక్కున్నాడు కాబట్టి.”

“ఈ మూలను ఎవురు లాక్కుంటా ఉండారు? అడిగితే మనం ఇస్తా ఉండాం. రెండూ ఒకటేనా?”

పాప నా వంక చూస్తోంది. ఆ చూపులో బీగం కనబడింది నాకు.

ఆదివారం పొద్దున్నే గడ్డపార తీసుకుని నేనే మొదలుపెట్టాను. కూలీని పెట్టుకొమ్మన్నారు. నా గోడ, నేనే పడగొడతానన్నాను. మాట సులభంగానే వచ్చింది, ఇటుకలే రాలేదు. గోడ కట్టేటప్పుడు సిమెంటు ఎక్కడ తక్కువ కలుపుతాడోనని మేస్త్రీకి రోజంతా కాపలా కాశాను. ఆ కాపలా ఫలం ఆ ఆదివారం అనుభవించాను. పది గంటలకు నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఊడింది నాలుగు ఇటుకలు. అప్పుడు చేను ఆసామి తన గడ్డపారతో వచ్చాడు. ఆయన వెనక ఒక్కొక్కరే వచ్చారు. కండువా అని నవ్వినవాళ్ళూ వచ్చారు. “ఏంది సామీ, ఇంత గట్టిగా కట్టినారు? ఏనుగులొస్తాయనుకున్నారా?” అని తిట్టుకుంటూనే పొద్దు వాలేసరికి మూల మొత్తం పడగొట్టారు. పాప మంచి ఇటుకలను ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చింది. నిమ్మ చెట్టును మా ఆవిడ మన్నుతో సహా పెళ్ళగించి వెనక దొడ్లో నాటింది. అది బతకదని నేను, బతుకుతుందని ఆవిడ. అందులోనూ ఓడిపోయాను.

జూన్ మొదటి వారంలో పరీక్షకు బస్సు వచ్చింది. మేనేజరు ముందు సీట్లో కూర్చున్నాడు. తెల్లవారుజామునే మా ఆవిడ తాడు పట్టుకుని పాత గీత మీద కొత్త ముగ్గు వేసి పెట్టింది. బస్సు వంక దిగి, ఎక్కి, దుమ్ము రేపుకుంటూ వచ్చి, మా ఇంటి ముందు ఒక్క క్షణం నిలబడింది. ఎద్దుల్లాగా వాసన చూస్తోందేమో అనిపించింది. డ్రైవరు స్టీరింగు మీద పడుకున్నంత పని చేసి తిప్పాడు. మూతి బావిని తప్పించుకుంది. నేను మూతిని చూడలేదు. నా కళ్ళు తోక మీదే ఉన్నాయి. తోక మా మూల మీదికి తేలి వచ్చి, మిగిలిన గోడకు జానెడు దూరంలో గాలిని కోసుకుంటూ వెళ్ళిపోయింది. ఒకే ఊపు.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, “అమ్మా, మీ ముగ్గు చెదిరిందేమో సూడు!” అని అరిచాడు. చెదరలేదు.

మేనేజరు దిగి, విరిగిన గోడనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. “పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వంకలో నీళ్ళొచ్చిన రోజు రాదు” అన్నాడు. ఆ రోజుల్లో పూట సెలవు పెట్టయినా నేను పాపకు రోడ్డు దాకా ఎదురు వెళ్తానని చెప్పాను. మా ఆవిడ తలూపింది. రూములు చూడమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

బడి తెరిచిన రోజు పాప కొత్త పావడా వేసుకుని, క్యారియరు పట్టుకుని, పడగొట్టిన మూలలో నిలబడింది. అదే మా స్టాపు. బస్సు వచ్చింది. అందరికంటే ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మిగతావాళ్ళు ఎక్కుతున్నారు. నేను మాత్రం, తోక మా గోడకు తగులుతుందేమోనని, వెనక నిలబడి రెండు చేతులూ ఊపుతూ, “రానీ, రానీ” అంటున్నాను. నా మాట వినాల్సిన అవసరం డ్రైవర్‌కు ఏమీ లేదు. బస్సు చక్కగా తిరిగింది. కండక్టరు విజిల్ ఊదాడు.

“నాయనా! నువ్వు ఎక్కలే!” అని కిటికీలోంచి పాప అరిచేదాకా నాకు తెలియలేదు.

అప్పటికి బస్సు వంక దగ్గరుంది. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నేళ్ళలో ఆ మట్టిదారి గురించి ఆమె నవ్వడం అదే మొదటిసారి. నేను సైకిలు తీశాను. గాలి లేదు. నడిచాను.

ఆఫీసుకు ముప్పావు గంట ఆలస్యం. పై అధికారి గడియారం చూసి, “ఏమప్పా, ఈరోజు ఏమైంది?” అన్నాడు.

“మా ఇంటికి బస్సొచ్చింది సార్” అన్నాను.