ఏడో స్థలం కాడి అడ్డదారి

ఆ దినాల్ల నాకు తెల్వని దారంటూ లేకుండె. వనపర్తిల డిగ్రీ చదువుకుంట రెండేండ్లు ఎన్‌సీసీ చేసిన. పరేడ్‌ల ఎడమకాలు ఏదో కుడికాలు ఏదో అప్పుడప్పుడు గల్లంతైనా, ఇంట్ల మాత్రం నేనే కెప్టెన్. ఆత్మకూరు బస్సు ఎన్ని గంటలకు వస్తదో, ఏ బాటల పోతే ఎండ తగలదో, ఎవ్వరడిగినా అడగకున్నా చెప్పేటోన్ని. అండ్ల సగం తప్పే. మిగిలిన సగాన్ని ఎవ్వరూ పరీక్ష చేయలే గనక ఇజ్జత్ దక్కింది. నా తెలివిని ఒక్కసారే పరీక్ష చేసిన్రు. అది పవిత్ర శుక్రవారం నాడు, మిట్టమధ్యాహ్నం, గుట్ట మీద.

మాది పాన్‌గల్ దిక్కు చిన్న ఊరు, క్రైస్తవుల ఇల్లు. నాయిన బొంబాయిల సెంట్రింగ్ పనికి పోయి రెండో అంతస్తు మీదికెల్లి పడ్డడు. మూన్నెల్లు మంచం మీదనే ఉండె. అప్పుడు మా అవ్వ మరియమాతకు మొక్కింది: "నా కొడుకు లేసి నడిస్తే, ఇంటిల్లిపాదిని తోల్కోని ఘణపూర్ దిక్కు గుట్ట ఎక్కుత. పద్నాలుగు స్థలాల కాడ మోకరిస్త. పచ్చి గంగ తప్ప ఏం ముట్ట." నాయిన లేసి నడిచిండు, జర కుంటుకుంట. ఇగ మొక్కు తీర్చుడే మిగిలింది. ఆ గుట్టకు కింది నుంచి మీది దాకా పద్నాలుగు సిలువలు నాటిన్రు. ఏసు సిలువ మోసిన బాటను తలుచుకుంట, ఒక్కొక్క సిలువ కాడ ఆగి, మోకరించి, జపం చెప్పి, పాట పాడుకుంట పైకెక్కాలె.

అవ్వకు షుగర్. ముసలోళ్లకు, రోగమున్నోళ్లకు ఉపాసం అక్కర్లేదని ఫాదర్ గుడిల రెండుసార్లు చెప్పిండు. "ఫాదర్ మొక్కిండా, నేను మొక్కిన్నా?" అన్నది అవ్వ. అట్లా అవ్వ, నాయిన, అమ్మ, మా మేనత్త, చెల్లె, నేను, ఆరుగురం ఉపాసంతోటి బయలెల్లినం. (ఆరుగురమని వాళ్లనుకున్నరు. లెక్కకు ఐదుగురే.) నా బ్యాగుల, ప్రార్థన పుస్తకం కింద, తువ్వాల మడతల ఆరు పల్లీపట్టీలున్నయి. నాకు ఉపాసమంటే పడదు. ఆకలైతే నాకు దేవుడు గుర్తుకు రాడు, అన్నమే గుర్తుకొస్తది.

ప్రతి స్థలం కాడ అందరు మోకరించి కండ్లు మూసుకుంటరు గదా. నేను అందరి ఎనుక మోకరించి, దండం పెట్టినట్టు చేతులు నోటి దగ్గర పెట్టి, ఇంచుమించు ఒక పట్టీ నమిలి మింగుడు. మూడో స్థలం కాడ చెల్లె తల తిప్పకుండనే, "అన్నా, ఏందో పల్లీల వాసనొస్తుంది" అన్నది. "కింద చేన్లున్నయి గదా, గాలికొస్తది" అన్న. ఎండకాలంల చేన్లల్ల ఏముంటయని అది అడగలే. బతికిపోయిన.

ఏడో స్థలం కాడికొచ్చేవరకు జనం తిరునాళ్ల లెక్క అయిండ్రు. మా ముంగట ఇంకో ఊరోళ్లు పాట మీద పాట అందుకుంటున్నరు, బాట కదుల్తలేదు. బండలు పొయ్యి మీది పెనం లెక్క కాలుతున్నయి. అప్పుడు కెప్టెన్ నోరు తెరిచిండు. "ఈ బండ ఎనుక నుంచి ఒక బాటున్నది. పది నిమిషాలల్ల ఎనిమిదో స్థలం కాడ తేల్తం."

"నీకు ఎరుకేనా?" అన్నడు నాయిన.

"నేను పోయిచ్చిన నాయినా."

పోయిన మాట నిజమే. నిరుడు దోస్తులతోటి వచ్చి గుట్ట కింద సోడాబండి దాకా పోయిన.

మొదాలు బాట మంచిగనే ఉండె. తర్వాత మేకల బాటయింది. తర్వాత మేకలు గూడ ఎనుకకు మర్రిపోయినట్టున్నయి, రెండు గుండ్ల నడుమ సందు మిగిలింది. దాన్ని దాటితే ముంగట నున్నటి ఏటవాలు బండ, దాని అంచున ఏమున్నదో కనపడలే, అంతా ఆకాశమే. ఎనుకకు తిరిగితే వచ్చిన దారిల కంకర జారుతుంది. పైన ఎక్కడ్నో పాట వినిపిస్తుంది. నేను ఫోను తీసి పైకెత్తి చూసిన. సిగ్నల్ లేదు.

"ఏం అల్లుడా, ఇగ రెక్కలు గిట్ట తెప్పిస్తవా?" అన్నది అత్త. అందరం జర నవ్వినం. అవ్వ నవ్వలే. అప్పుడు సమజైంది, గింతసేపటి నుంచి అవ్వ నన్ను ఒక్క మాట గూడ తిట్టలేదు.

గుండుకు ఆనుకోని కూసున్నది. మొకమంతా చెమట, చేతులు వణుకుతున్నయి. నా దిక్కు చూసి, చచ్చిపోయిన మా తాతను పిలిచినట్టు, "ఏమయ్యా, ఎడ్లకు నీళ్లు పెట్టినవా?" అన్నది.

అమ్మ నెత్తి పట్టుకున్నది. "పొద్దుగాల నేనే షుగర్ గోలీ ఇచ్చిన. తింటదనుకున్న. తినకుండనే వచ్చింది!"

"షుగర్ పడిపోయింది. తియ్యటిదేమన్న తీయున్రి, జల్ది!" నాయిన గొంతు గట్ల నేనెన్నడూ వినలే. సంచులు గుమ్మరించిన్రు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, నొప్పుల జండూబామ్, సగం సీసా నీళ్లు. అత్త పైకి చూసి, "ఎవరన్న ఉన్నరా!" అని ఒర్లింది. పైన పాట ఇంకింత జోరందుకున్నది.

నేను బ్యాగును రొమ్ముకు అదుముకోని నిలవడ్డ. ఈ సంగతిని కుదించి చెప్పాలని ఉన్నది గాని, చెప్పొద్దు. ఊపిరి రెండుసార్లు పీల్చి విడిచేటంత సేపు నేను కదల్లే. అవ్వ కండ్లు మూతలు పడుతున్నయి, నాకేమో నలుగురి ముంగట నా దొంగతిండి బయటవడతదని సిగ్గు. ఆఖరుకు జిప్పు గుంజిన. ఆరిట్ల ఒక్కటే మిగిలింది, అదీ ఒక మూల కొరికింది.

చెల్లె ఒక్కసారి చూసింది, చాలు. నాయిన దాన్ని గుంజుకోని, తువ్వాల్ల చుట్టి రాయితోటి నలగ్గొట్టి, పల్లీలు ఏరేసి, బెల్లం పొడిని సీసా మూతల నీళ్లతోటి కలిపిండు. "అవ్వా, గుటక మింగు. ఇంకొక్క గుటక." మూత మీద మూత. అమ్మ మెల్లగ జపమాల అందుకున్నది. అవ్వ చేయి నా చేతుల సల్లగ, తడిగ ఉన్నది. ఆ పావుగంటల నేను చెప్పినన్ని జపాలు, అంతకుముందు నా బతుకు మొత్తంల చెప్పలే.

అవ్వ కండ్లు తెరిచింది. మొదటి మాట: "ఓరి పాపాత్ములారా, నా ఉపాసం చెడగొట్టిన్రా?"

"లేదవ్వా, అది మందు" అన్నడు నాయిన.

అవ్వ పెదవులు నాకింది. "మంచి మందే. ఇంకింత ఉన్నదా?"

అమ్మ ఏడ్చుకుంటనే నవ్వింది. నేను దూకి ముంగటికొచ్చి, "నేను ఎత్తుకుంట, బాట చూపిస్త" అన్న. "నువ్వు చెప్పులు పట్టుకో" అన్నడు నాయిన. రెండో అంతస్తు మీదికెల్లి పడ్డ మనిషి, ఎత్తు జాగలంటే భయపడే మనిషి, తల్లిని వీపున ఎత్తుకోని ఆ కంకరల దిగిండు. ముందు కాలు పెట్టి రాయిని నొక్కి చూసుడు, నిలిస్తేనే బరువు మోపుడు. ఒకచోట రాయి ఉరికింది. అత్త కెవ్వుమన్నది. నాయిన మోకాలి మీద ఆగిండు. అవ్వ ఆయన చెవుల, "మెల్లగ కొడుకా, నాకేం తొందర లేదు" అన్నది. వాళ్ల ఎనుక, కాలు జారొద్దని అందరు విడిచిన ఆరు జతల చెప్పులు మోసుకుంట నేను.

ఏడో స్థలం కాడ నిమ్మరసం తాపిచ్చి, ఇంటికి పోదమన్నం. అవ్వ వినలే. "మొక్కి లేపుకున్న కొడుకు నన్ను మోసిండు. నేను ఏడు స్థలాలు ఎక్కలేనా?" మంచి బాటల్నే, ఆగుకుంట ఆగుకుంట, పొద్దు వాలే యాళ్లకు పద్నాలుగో సిలువ కాడ మోకరించింది.

మరుసటి దినం ఫాదర్ దగ్గర నా పాపాలు ఒప్పుకున్న. మా నడుమ జాలీ అడ్డం ఉండె. దాని అవతల ఫాదర్‌కు దగ్గు వచ్చింది, అది దగ్గు కాదని నాకు ఎరుకే. ఊర్ల మాత్రం అవ్వ వేరే కథ చెప్పింది. అమ్మ అడ్డం పడేలోపే, "నా మనుమనికి ముందే ఎరుక. నా కోసమని దాచిపెట్టిండు" అని ఇంటింటికి చెప్పొచ్చింది. చెల్లె నా దిక్కు చూసి ఇకిలించింది. నేను తల వంచుకుంటే, ఎంత వినయం ఉన్నదో పిల్లగానికి అని మెచ్చుకున్నరు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్ల పిల్లలకు లెక్కలు చెప్తున్న. క్లాసుల ఎవడన్న తెల్వకున్నా తెలుసని చెయ్యెత్తినప్పుడు, బ్యాగును రొమ్ముకు అదుముకోని బండ మీద నిలవడ్డ ఆ ఇరవై ఏండ్లోడు కండ్ల ముంగటికొస్తడు. వాన్ని పట్టుకోని నాలుగు తగిలియ్యాలనిపిస్తది. జర సేపు చూసినంక, పాపం, ఎంత భయపడ్డడో అనిపిస్తది. "చెప్పు బిడ్డా" అని ఆ చెయ్యెత్తినోన్ని లేపుత, నవ్వు ఆపుకోని.