మైనా తోక వెంట్రుకలు

మా చిన్నప్పుడు... భిలాయి క్యాంప్ 1లో మా సందు చివర బిసాహు కాకా ఉండేవాడు. పెళ్ళి ఊరేగింపులకి గుర్రాలు తోలేవాడు. ఆయన దగ్గర మైనా అని ఒక నల్లటి ఆడ గుర్రప్పిల్ల... దాని తోక పని నాది!

ఆదివారం పొద్దున్నే బకెట్టు, కొబ్బరినూనె గిన్నె పట్టుకుని పరిగెత్తేదాన్ని. వెనక నిలబడకూడదు, పక్కన నిలబడి తోకని మన వైపుకి లాక్కోవాలి. దువ్వెన పెడితే తెగుతాయి... వేళ్ళతోనే, కొసల నుంచి పైకి చిక్కులు విడదీయాలి. ఇవన్నీ కాకా నేర్పినవే. నా జడ వేయించుకోవడానికి మాత్రం అమ్మ చేత మొట్టికాయలు తినాల్సిందే.

వచ్చే పెళ్ళిళ్ళ సీజనుకి మైనా మీద పెళ్ళికొడుకు ఎక్కుతాడని కాకా ఆశ. చుట్టూ బ్యాండు మోగినా, వెనకాల జనం తోసుకున్నా గుర్రం కదలకుండా నిలబడాలి మరి.

ఇంతలో పక్కింటి పార్వతత్తకి మెడ మీద పులిపిరి లేచింది. మా విజయనగరం వైపు వాళ్ళకి దానికి ఒకటే మందు... గుర్రపు తోక వెంట్రుక బిగించి కడితే రాలిపోతుందని. రాలిన వెంట్రుకలు నా దగ్గర డబ్బాలో బోలెడు ఉండేవి. తీసుకెళ్ళి ఇచ్చాను.

"రాలింది పన్జెయ్యదే... పచ్చిగా పీకిందే కావాల," అంది అత్త.

"కాకాని అడగనా?" అన్నాను.

"ఓలమ్మా, ఒక్క ఎంట్రుక్కి అడిగేదేటే! తోకనిండా ఉన్నాయి కదేటి," అంది మా అమ్మ.

పీకాను. మైనా ఉలిక్కిపడి, తల తిప్పి నన్ను చూసింది. తన్నలేదు... పిచ్చిది, నన్ను నమ్మింది.

అక్కడితో ఆగితే బాగుండేది. సందులో ఎంతమందికి పులిపిర్లు ఉన్నాయో నాకు అప్పుడే తెలిసింది! పెద్దమ్మలు, బాబాయిలు, కిరాణా కొట్టు మామయ్య... కాకా లేని సమయం చూసి నన్ను పంపేవారు. నేను బడికి పోతే వాళ్ళే వెళ్ళి పీక్కునేవారు. "మా పిల్ల చెయ్యేస్తే అది కదలదు," అని అమ్మ గొప్పలు. నాకూ గొప్పగానే ఉండేది, సిగ్గులేకుండా.

కొన్నాళ్ళకి వెనక అడుగుల చప్పుడైతే చాలు, మైనా చెవులు వెనక్కి పెట్టేది. ఎందుకో నాకు తెలుసు. అయినా కాకాకి చెప్పలేదు.

సీజను ముందు ఒక మధ్యాహ్నం కాకా మైనాకి జరీ జీను వేసి, బ్యాండు వాళ్ళని పిలిపించాడు. డోలు మోగింది, బాకాలు మోగాయి... కదల్లేదు. డోలతను అలా దాని వెనక్కి వెళ్ళాడో లేదో, ఫెడీమని తన్నింది. పాపం, అతని మోకాటి చిప్ప పగిలింది.

కాకా తోక ఎత్తి చూశాడు. తోక మొదలు దగ్గర ఒక పక్కంతా బోడి. "కిస్‌నే నోచా?" అని అరిచాడు, ఎవరు పీకారని.

గుమ్మాల్లో అందరూ ఉన్నారు. "హమ్‌కో క్యా మాలూమ్ భయ్యా," అంది పార్వతత్త, మాకేం తెలుసని. తర్వాత మా వైపు తిరిగి, "అది మొదట్నుంచీ పొగరుదేనమ్మా," అంది. అమ్మ నా భుజం గట్టిగా నొక్కింది. నేను నేల చూపులు చూశాను.

తన్నే గుర్రం మీద పెళ్ళికొడుకుని ఎవరెక్కిస్తారు? వారం తిరక్కుండా మైనాని కుమ్హారి అనే ఊరి దగ్గర ఇటుకబట్టీకి తోలేశారు. ఆ రోజు కాకా నా తల మీద చెయ్యి వేసి, "తూనే హీ తో సంభాలా ఉస్‌కో, బిటియా," అన్నాడు. నువ్వొక్కదానివే దాన్ని బాగా చూసుకున్నావు అని... చెంప పగలగొట్టినా బాగుండేది.

అత్త పులిపిరి రాలిందా అంటారా? రాలలేదు.

ఇప్పుడు మా క్యాంప్‌లో ఊరేగింపులు టాపు లేని కార్లలో, డీజేలతో వెళ్తున్నాయి. పులిపిరి లేస్తే చర్మం డాక్టరు దగ్గరికి పోతున్నాం. మొన్న ఒక పెళ్ళిలో అత్త ఆ పొగరు గుర్రం కథ నవ్వుతూ చెబుతుంటే ఒళ్ళు మండిపోయింది... అప్పుడూ నోరు విప్పలేదు నేను.

మీ సందుల్లోనూ జరిగే ఉంటాయి... అందరూ తలా కాస్త పీకి, చివరికి తప్పు మూగజీవానిదే అన్నవి. ఉంటే రాయండి. చెప్పుకోవాల్సిన కాకా పోయి చాలా ఏళ్ళయింది, అందుకే మీకు చెబుతున్నాను... మొదటి వెంట్రుక పీకింది నేనే.