వాయిదా పడ్డ పెళ్లి

2011. తెలంగాణ కోసం సమ్మె సాగుతున్న రోజులు. బడులు, కాలేజీలు మూతపడ్డాయి. మహబూబాబాద్ వైపు తండాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున నేను కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. పెళ్లీడు పిల్లల్ని కూర్చోబెట్టి, కొట్టుకోకుండా తిట్టుకోకుండా ఆలుమగలు ఎలా బతకొచ్చో మాట్లాడటం నా ఉద్యోగం. "గీ అక్క పెండ్లిగాక ముందే కాపురం నేర్పుతది" అని నన్ను ఆటపట్టించేవారు.

క్లాసులు లేకపోతే పిల్లలెక్కడుంటారు? రోడ్డు మీద. కొత్తగూడలో వంటావార్పు రోజున నేనూ అక్కడికే వెళ్లాను. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తినడం ఆనాటి నిరసన. ఇంట్లో మంచినీళ్లు ముంచుకోని మగవాళ్లు గంటెలు పట్టుకుని తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంది. అన్నం గిన్నె దగ్గర చెమటలు కక్కుతున్న సురేష్ అందరిలోకీ హుషారు. నినాదం ఎత్తుకోవాలంటే అతనే.

అతనితో పెళ్లి కుదిరిన జ్యోతి అప్పుడే ఇంటర్ పూర్తిచేసింది. ఉల్లిగడ్డలు కోస్తూ నా పక్కకు జరిగింది.

"అక్కా, ఫోన్ బిజీ వచ్చిందని మొన్న నా ఫోన్ నేలకేసి కొట్టిండు. పానం లెక్క జూసుకుంటడు గని గట్ల జేస్తడు. మా యాడేమో ప్రేమున్నోనికే కోపముంటదంటది. సమ్మె అయిపోంగనే పెండ్లి. నాకు భయమైతుంది."

యాడి అంటే వాళ్ల లంబాడీ భాషలో అమ్మ. పెళ్లి వద్దని చెప్పడం నా పని కాదు, చేసుకొమ్మనడమూ కాదు. "రోల్ ప్లే చేద్దామా?" అన్నాను. ఒకరి వేషం ఇంకొకరు వేసే ఆట అది. జ్యోతి కోస్తున్న ఉల్లిగడ్డ పక్కన పెట్టి, "అందరి ముంగటైతె జేస్త" అంది.

భోజనాలయ్యాక టెంటు కింద కూర్చున్నాం. ముందు వేసిన జంటలు బాగా నవ్వించాయి. తర్వాత జ్యోతి సురేష్ అయింది, సురేష్ జ్యోతి అయ్యాడు. అతను కండువా నెత్తిన కప్పుకోగానే అందరూ విరగబడి నవ్వారు.

"ఫోన్ ఎందుకు బిజీ వచ్చింది? ఎవలతోని మాట్లాడుతున్నవ్?" అంది జ్యోతి.

"మా అక్కతోని," అన్నాడు సురేష్, సిగ్గు నటిస్తూ.

"అబద్ధం. ఫోన్ ఇటియ్యి."

అతను తన ఫోన్ ఇచ్చాడు. జ్యోతి దాన్ని పైకెత్తింది. సురేష్ ఉలిక్కిపడి చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. జ్యోతి ఫోన్‌ను మెల్లగా అతని ఒళ్లో పెట్టింది.

"నేను కొట్టలె. గా రోజు నాకు గిట్లనే అయింది," అంది.

"కోపంల ఏం జేస్తున్ననో తెల్వలేదక్కా," అన్నాడతను నాతో.

"కోపంల నీ ఫోన్ పగులలె గద తమ్మీ. ఆమెదే పగిలింది," అన్నాను.

అతను తల దించుకున్నాడు. నాకు జాలేసింది కానీ, నా జాలితో జ్యోతి భయం పోదు కదా.

కొన్నాళ్లకు కొత్త ఫోన్ కొనుక్కొచ్చాడు. జ్యోతి తీసుకోలేదు. "ఫోన్ వద్దు. ఒక్క ఏడాది ఆగుదాం. నువ్వెట్లుంటవో జూస్త," అంది. వాళ్లమ్మ లబోదిబోమంది. కుదిరిన పెళ్లి ఆగితే నలుగురూ ఆడపిల్లనే అంటారని ఆమె దిగులు. నన్ను పిలిపిస్తే వెళ్లాను. అప్పటికే ఇంటి ముందు తండా నాయక్, పెద్దలు కూర్చుని ఉన్నారు. సురేష్ వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది. పెండ్లి ఆపమన్నది గూడ నేనే అనుకోండ్రి. జ్యోతిని ఎవలూ ఒక్క మాట అనొద్దు," అన్నాడు.

తలుపు పక్కన నిలబడ్డ జ్యోతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపాగలేదు.

ఏడాది గడిచాక, ఇక పెళ్లి చేసుకుందామని జ్యోతే చెప్పింది. క్షమించమని అడగడం తేలిక, కొత్త ఫోన్ కొనడం ఇంకా తేలిక. నలుగురి ముందు తప్పు తన మీద వేసుకోవడమే కష్టం. అందుకే ఇప్పుడు ప్రతి క్లాసులో ఆడపిల్లలకు చెబుతాను: పెళ్లికి ముందే, మనవాళ్లు పక్కనుండగా, ఒక్కసారైనా అతనికి "వద్దు" అని చెప్పి చూడండి. ఆ తర్వాత మీ గురించి నలుగురిలో ఏం మాట్లాడతాడో వినండి.