మైనంలో దాచిన ముక్క

టీచరమ్మ పోయిందని వాళ్లాయన గేటు దగ్గర నిలబడి చెప్పినప్పుడు నేను మక్కచేనుకు నీళ్లు కడుతున్నాను. మోటారు బంద్ చేయడం మరిచిపోయాను. మడి నిండి నీళ్లు కాలనీ రోడ్డు మీదికి పారాయి. పది రోజులైంది. అప్పటి నుంచి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. మనిషి పోయినందుకే కాదు. ఆమె అడిగిన ఒక్క పని ఆమె ఉండగా నేను చేయలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను నాలుగో తరగతి దాటలేదు. అక్షరాలు మనవరాలు దిద్దింది, మాటలు నావే.

ఆమెది కోస్తా వైపు. లెక్కల టీచరుగా రిటైరై, షామీర్‌పేట దగ్గర మా జొన్నచేను ప్లాట్లయిన చోట ఇల్లు కట్టుకున్నారు. నాకు మిగిలిన అరెకరం వాళ్ల గోడ పక్కనే. అయినా మాకు మాటలు కలిసింది అక్కడ కాదు, క్యాన్సర్ దవాఖానలో. నాకు తొడ కండలో గడ్డ, ఆమెకు కుడి భుజంలో. రెండూ ఒకటే రకం, ఎక్కడో ఒకరికి వచ్చేది. ఒకే ఊరు నుంచి ఇద్దరా అని నర్సే వింతగా చూసింది.

"మా జొన్నచేన్ల ఇల్లు కట్టింది మీరేనా?" అన్నాను.

"మీరే కదండీ అమ్మింది. పునాది తవ్వితే అన్నీ బండలే. దానికి ఎవర్ని తిట్టాలి?" అంది.

ఆమె గొడుగు లేకుండా కాలు బయటపెట్టేది కాదు. ఎండతో, వానతో పని లేదు. గొడుగు మొనతో నా గేటును మూడుసార్లు కొట్టేది. ఆపరేషన్ అయ్యాక కుడి చెయ్యి లేవకపోతే ఎడమ చేత్తో కొట్టేది. ఏది చెప్పినా పాఠం చెప్పినట్టే. విననట్టు కనిపిస్తే మళ్లీ మొదటి నుంచి అందుకునేది.

ఇద్దరికీ ఒకటే మందు ఇచ్చారు. నాకు పట్టింది. ఆమెకు పట్టలేదు.

ఒకరోజు వచ్చి, నాలుగైదు ఊర్ల డాక్టర్లు కలిసి ఈ జబ్బు మీద పరిశోధన చేస్తున్నారని చెప్పింది. ఏ ఒక్క దవాఖానలోనూ సరిపడా రోగులు లేరట. అందుకని కోసి తీసిన గడ్డల ముక్కలన్నీ ఒకచోటికి చేర్చి, మందు ఎవరికి పట్టిందో ఎవరికి పట్టలేదో పోల్చి చూస్తారట. తనది ఇవ్వడానికి ఒప్పుకుంది.

"క్లాసులో ఒక్కడే పిల్లాడుంటే వాడు మొదటో ఆఖరో ఎలా చెప్తామండీ? పక్కన ఇంకొకడు కూర్చోవాలి."

"ఆ ముక్క ఇస్తే నీ రోగం తగ్గుతదా టీచరమ్మా?"

"తగ్గకపోవచ్చు. మీకు పట్టిన మందు నాకెందుకు పట్టలేదో తేలాలి. లెక్క తప్పు పోతే పోయింది, ఎక్కడ తప్పిందో తెలియకపోతే నాకు పడదు."

నా గడ్డ నా దగ్గరే ఉందని గర్వంగా చెప్పాను. ఒంట్లోంచి తెగింది మన భూమిలోనే కలవాలని మా ఇంట్లో పట్టింపు. పరీక్షలయ్యాక దవాఖానలో కొట్లాడి, డబ్బాలో తెచ్చుకుని బావి పక్కన పాతిపెట్టాను. మీదీ ఇవ్వండని ఆమె అంతగా అడిగిందని మర్నాడు పొద్దున్నే గడ్డపార పట్టి తవ్వాను. మోకాలి లోతు తవ్వినా మట్టే. ఆమె గోడ మీంచి చూస్తోంది.

"పాతేస్తే మట్టయిపోదూ? గుంట పూడ్చండి పెద్దాయన గారూ, కాలు పడుతుంది. చిన్న ముక్కని మైనంలో పెట్టి దవాఖానలోనే దాస్తారు. మీదీ ఉంటుంది. మీరు ఒప్పుకుంటే చాలు."

నాకు మండింది. "నన్ను అడగకుండ దాస్తరా? నేనేమన్న కోడినా, ముక్కలు పంచుకోనీకి?"

"ఆపరేషన్ ముందు మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉందండీ. చదవలేదా?"

అక్కడ తగిలింది. ఆ రోజు నర్సు చదివి వినిపిస్తానంటే వద్దన్నాను. చదువు రాదని పదిమందిలో తెలియడం ఇష్టం లేక, చదివినట్టు కళ్లు తిప్పి సంతకం గీకాను. ఆ సంగతి టీచరమ్మకు చెప్పలేదు. "మా భూమిల ఉండి మాకే పాఠాలు చెప్తవా" అని లోపలికి పోయాను.

కొన్నాళ్లకు ఒప్పుకోలు కాగితం తెచ్చి, గేటు దిమ్మె మీద పెట్టి, పైన రాయి ఉంచి పోయింది. గొడుగు చప్పుడు మూడుసార్లు వినపడింది. నేను లేవలేదు. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. ఆ పైన రాలేదు. మంచం పట్టిందని తెలిసీ పోలేదు. ఆమే వచ్చి అడగాలని చూశాను. నాది అంత మొండి బతుకు.

ఆమె పోయిన మూడో రోజు ఆ కాగితం పట్టుకుని బస్సెక్కాను. అల్వాల్ దాకా నిలబడే పోయాను, ఎవరో సీటిస్తానన్నా కూర్చోలేదు. దవాఖానలో డాక్టరమ్మకు కాగితం ఇచ్చి, "నాకు చదువు సక్కగ రాదు. సదివి చెప్పు బిడ్డా" అన్నాను. బయటివాళ్లతో ఆ మాట అనడం ఈ వయసులో మొదటిసారి. ఆమె మొత్తం చదివింది. రెండు చోట్ల ఆపి మళ్లీ చెప్పించుకున్నాను. సంతకం పెట్టాను.

"టీచరమ్మది పంపిండ్రా?"

"ఇంకా లేదు తాతా. ఈ వారం పంపిస్తాం. రెండూ ఒకటే డబ్బాలో పోతాయి."

"ఆమెకెందుకు పట్టలేదో ఎప్పుడు తెలుస్తది?"

"ఏళ్లు పట్టొచ్చు. తెలియకపోవచ్చు కూడా."

ఇప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కరీంనగర్ రోడ్డు దాకా నడుస్తున్నాను. పార్సిల్ బండి ఏది పోయినా ఆగి చూస్తున్నాను. ఆ డబ్బా ఈ దారిన పోదని నాకు తెలుసు. తిరిగొచ్చి గేటు తీస్తుంటే, గొడుగు మొన తగిలి తగిలి రంగు రాలిన చోటికే వేలు పోతోంది. గోరంత ఇనుము బయటపడింది. వానకు తుప్పు పడుతోంది. రంగు వేయిస్తామంటున్నారు ఇంట్లోవాళ్లు. వద్దన్నాను.