మిరియాలు వేసిన కర్పూరం

మొన్న ఆదివారం మా అమ్మాయి కారులో స్టీరింగు వెనక పసుప్పచ్చ దీపం ఒకటి వెలిగి, ఎంతకీ ఆరనని మొరాయిస్తే, నోయిడాలో వాళ్ల ఇంటికి దగ్గర్లో ఉన్న సర్వీస్ సెంటర్‌కి నేనూ బయల్దేరాను. నువ్వెందుకమ్మా, అక్కడ బోర్ కొడుతుంది అని అది సగం హిందీలో సణిగింది గానీ, బండి జబ్బు పడితే చూడకుండా ఉండటం నావల్ల కాదు. అక్కడి మెకానిక్ స్టీరింగు కింద ఒక తీగ తగిలించి, చేతిలో ఉన్న పలక లాంటిది చూసి, పెట్రోలు ఆవిరి ఎక్కడో బయటికి పోతోందని చెప్పి, వెనక్కి వెళ్లి పెట్రోలు మూత తీసి, దాని రబ్బరు రింగు గుడ్డతో తుడిచి, టకటకమని చప్పుడయ్యేదాకా బిగించి, దీపం ఆర్పేసి, ఠీక్ హై ఆంటీజీ అనేశాడు. వాళ్లిచ్చిన టీ ఇంకా చల్లారలేదు. నాకు నవ్వు ఆగలేదు. మా అమ్మాయి నా వంక కంగారుగా చూసింది. ఆ మూతా, ఆ రబ్బరు రింగూ, వాటి వెనకున్న గొట్టాలూ ఒకప్పుడు నన్నెంత ఏడిపించాయో దానికేం తెలుసు!

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే గుప్పుమని కొట్టే పెట్రోలు వాసన. ప్రతి ఇంట్లోనూ కారెక్కగానే కడుపులో తిప్పే పిన్నో మేనత్తో ఒకావిడ ఉండేది, చేతిలో నిమ్మకాయ పట్టుకుని దారి పొడవునా దాన్ని వాసన చూస్తూ కూర్చునేది. పెట్రోలుకి నిలకడ తక్కువ. ఇంజన్ ఆపేసినా, బండి అంగుళం కదలకపోయినా, కాస్త వేడి తగిలితే చాలు ఆవిరైపోతుంది, ఆ ఆవిరి మనం పీల్చే గాలిలో కలుస్తుంది. దానికి విరుగుడు చాలా సులువైనది. టాంకులో పుట్టిన ఆవిరిని ఒక గొట్టంలోంచి బొగ్గు నింపిన డబ్బాలోకి పంపుతారు, బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది, ఇంజన్ నడిచేటప్పుడు ఒక చిన్న వాల్వు తెరుచుకుని ఆ ఆవిరిని లోపలికి లాగి మండించేస్తుంది. చెప్పడానికి ఇంతే. ఆ గొట్టాలు ఎక్కడా ఊపిరి వదలకుండా చూడటమే నా ఉద్యోగం.

పాతికేళ్ల కిందటి మాట. గుర్గావ్ దాటాక పొలాల మధ్య ఉన్న ఒక వాహన పరీక్షల లాబ్‌లో చేరాను. ఢిల్లీకి ఆ కొసన మయూర్ విహార్‌లో మా ఫ్లాటు, మెట్రో ఇంకా రాలేదు, చార్టర్డ్ బస్సులో పోయి రావడమే ఒక ఉద్యోగం. మా విభాగం పెద్ద పంజాబీ ఆయన, మేమంతా సార్ అనేవాళ్లం, భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు. లాబ్ మధ్యలో ఒక గది ఉండేది, తలుపు వేస్తే చీమ కూడా దూరదు. కారుని అందులో పెట్టి, అద్దాలు దించి, డిక్కీ తెరిచి, తలుపు బిగించేస్తే, ఓ పగలూ ఓ రాత్రీ ఆ కారు ఎంత ఆవిరి వదిలిందో యంత్రం లెక్క కట్టేది. వచ్చిన చిక్కల్లా ఆ యంత్రానికి పెట్రోలుకీ సెంటుకీ తేడా తెలియదు, ఆవిరయ్యేది ఏదైనా దాని దృష్టిలో పెట్రోలే. అందుకని మా సార్ సెంట్లు బంద్ చేశారు, గోళ్ల రంగు బంద్ చేశారు, చలికాలం మధ్యాహ్నాలు ఢిల్లీ జనమంతా ఎండలో కూర్చుని నారింజలు ఒలుచుకు తింటుంటే మమ్మల్ని మాత్రం గేటు బయటికి పోయి తినమనేవారు. తొక్క వాసన కూడా పరీక్షకి ఎక్కుతుందట. ఆయన పట్టుదల చూసి మేం చాటుగా నవ్వుకునేవాళ్లం, కానీ నారింజలు మాత్రం గేటు బయటే తినేవాళ్లం.

ఆ ఏడు కొత్త నిబంధనలు వస్తుంటే, ఒక కొత్త కారుకి గొట్టాలు ఎటునుంచి ఎటు పోవాలో, డబ్బా ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించే పని నాకు అప్పగించారు. ఆ విభాగంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. పరీక్ష నెగ్గితే ఆ పని మొత్తం నా చేతికి వస్తుంది, లేకపోతే మళ్లీ వెనక గదిలో డ్రాయింగు బల్ల ముందు కూర్చోవాలి. ఈ సంగతి సార్ నాకు దాపరికం లేకుండా ముఖానే చెప్పారు. నాకా డ్రాయింగు బల్ల అంటే గుండె జారిపోయేది, ఎందుకంటే బండి కింద దూరి, చేతులకి మసి పూసుకుని, లోపమెక్కడుందో పట్టుకోవడంలో ఉన్న సంతోషం అప్పటికే రుచి మరిగాను.

కొత్త కారుని వెంటనే పరీక్షకి పెట్టకూడదు, పెయింటూ టైర్లూ జిగురూ వాటి వాసన అవి వదిలేదాకా కొంతకాలం రోడ్డు మీద తిప్పాలి. ఆ తిప్పే పని కూడా నాకే పడింది. రోజూ ఇంటికి ఆ కారులోనే రావడం, పొద్దున్నే దాన్లోనే పోవడం, అబ్బో, మా సొసైటీలో నా వైభోగం చూడాలి!

ఇంట్లో మా అత్తగారు ఉండేవారు. తణుకు దగ్గర పల్లెటూరి మనిషి, నేను ఆఫీసుకి పోతే మా అమ్మాయిని సాకింది ఆవిడే, ఆవిడ లేకపోతే నా ఉద్యోగం ఏనాడో అటకెక్కేది. నేనేం పని చేస్తానో మాత్రం ఆవిడకి ఎంతకీ అంతు పట్టలేదు. పక్కింటి వాళ్లు అడిగితే మా కోడలు ఆఫీసులో కార్లు వాసన చూస్తుంది అని చెప్పేవారు, అది అబద్ధం అనడానికీ లేదు. కొత్త కారు మెట్ల ముందు ఆగిన రోజునే నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ, కుంకుమ పట్టుకుని కిందికి దిగారు. ఇది ఆఫీసు బండి, దీనికి బొట్టు కూడా పెట్టకూడదు, ఏ వాసనా తగలకూడదు అని నేను అడ్డం పడ్డాను. పూజ చెయ్యని బండిలో అంత దూరం ఒంటరిగా ఎలా పోతావని ఆవిడ దిగులు. ఆ రోజుల్లో యమునా వంతెన మీద బ్లూలైన్ బస్సులు తోలిన తోలుడు తెలిసిన వాళ్లెవరూ ఆ దిగుల్ని కాదనలేరు. కాసేపు గుంజాటన పడి, సరేలే అమ్మాయ్, నీ ఇష్టం అన్నారు. ఆవిడ అంత తొందరగా ఒప్పుకుంటే నేను అనుమానించవలసింది.

కారుని గదిలో పెట్టాం, మర్నాడు తీశాం. ఫెయిల్. అదీ అలాంటిలాంటి ఫెయిలు కాదు, ఏ గొట్టమో ఊడిపోయి ఉంటే తప్ప రాని ఫెయిలు. ఖాళీ గదిని విడిగా పరీక్షిస్తే గది శుభ్రంగానే ఉంది, కనుక తప్పంతా కారుదే, అంటే నాదే. సార్ అరవలేదు, అదే ఎక్కువ భయమేసింది. ఈ వారంలోగా లోపం పట్టుకో, లేకపోతే ఫైలు ఇంకొకరికి ఇస్తాను అని మెల్లగా చెప్పి వెళ్లిపోయారు.

ఇక చూడండి నా అవస్థ. మూత నుంచి మొదలుపెట్టాను. రబ్బరు రింగు భూతద్దం పెట్టి చూశాను, పగులు లేదు. టాంకు నుంచి డబ్బా దాకా గొట్టాన్ని వేళ్లతో తడుముతూ పోయాను, ప్రతి బిగింపు దగ్గరా సబ్బునీళ్లు పూసి లోపలికి గాలి కొట్టి బుడగ వస్తుందేమోనని కళ్లార్పకుండా చూశాను, ఒక్క బుడగ లేదు. బొగ్గు డబ్బా ఊడదీసి తూచాను, వాల్వుని నోటితో ఊది చూశాను, బిర్రుగా మూసుకునే ఉంది. రోజులు పోతున్నాయి, లోపం లేదు, ఆవిరి మాత్రం ఉంది. ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చుంటే మా అత్తగారు ఏమైందమ్మాయ్ అని అడగడం, ఏం లేదండీ అని నేను లేచిపోవడం. డ్రాయింగు బల్ల కలలోకి కూడా వచ్చేది.

చివరికి పెట్రోలు పోసే గొట్టం డిక్కీ పక్కనుంచి దిగే చోటు ఒక్కటే మిగిలింది. డిక్కీలో తల దూర్చాను. చాలా పరిచయమైన వాసన. నా శాలువాది అనుకున్నాను, మా ఇంట్లో ఉన్ని బట్టలన్నీ కర్పూరం వేసిన పెట్టెలోనే ఉండేవి, ఆ వాసన నాకు అలవాటైపోయి మొదటి రోజు నుంచీ పట్టించుకోనేలేదు. ఎందుకో ఆ రోజు శాలువా తీసి బయట బల్ల మీద పడేసి, మళ్లీ వచ్చి తల దూర్చాను. వాసన అక్కడే ఉంది. స్టెప్నీ పైకెత్తితే, దాని కింద గుంటలో, పసుపు గుడ్డలో కట్టిన చిన్న మూట. విప్పితే హారతి కర్పూరం, సగానికి సగం హరించుకుపోయింది, మధ్యలో నాలుగు మిరియాలు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ పని ఎవరిదో నన్నడగాలా? సొసైటీ వాచ్‌మన్‌ని భయ్యా అని బతిమాలి, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో స్టెప్నీ ఎత్తించి ఆవిడ ఆ మూట పెట్టించారని తర్వాత తెలిసింది. మూట పట్టుకుని నేరుగా సార్ గదికి పోయాను. ఆయనకి చలికాలమంతా జలుబే, ముక్కు ఉన్నా లేనట్టే, అందుకని ఏమిటిదని అడిగారు. చెప్పాను. మా అత్తగారు నేను క్షేమంగా తిరిగి రావాలని పెట్టారని కూడా చెప్పాను. మరి ఈ మిరియాలెందుకు అన్నారు. కర్పూరం ఆవిరైపోకుండా మా వైపు మిరియాలు వేస్తారండీ అన్నాను. ఆయన చేతిలో మూట వంకా, బల్ల మీద నేను ఊడదీసి పెట్టిన బొగ్గు డబ్బా వంకా మార్చి మార్చి చూశారు.

"అచ్ఛా! తో మాతాజీ భీ హమారే హీ డిపార్ట్‌మెంట్ మే హై," అన్నారు, అమ్మగారు కూడా మన శాఖలోనే పనిచేస్తున్నారన్నమాట అని. ఆ తర్వాత ఆయన నవ్విన నవ్వుకి గేటు బయట నారింజలు తింటున్న వాళ్లు కూడా లోపలికి పరుగెత్తుకొచ్చారు.

డిక్కీని బాగా గాలికి ఆరబెట్టి మళ్లీ గదిలో పెడితే కారు చక్కగా నెగ్గింది. ఆ సాయంత్రం నేను బస్సు వాళ్లందరికీ జిలేబీ పంచాను. అప్పటినుంచి ఏ కారు పరీక్షకొచ్చినా మా వాళ్లు మొదట స్టెప్నీ ఎత్తి చూసేవారు, దానికి వాళ్లు పెట్టిన పేరు 'మాతాజీ చెకప్'.

అసలు ముచ్చట ఆ రాత్రి ఇంట్లో జరిగింది. ఆవిడ నొచ్చుకుంటారేమోనని చెప్పకూడదనుకున్నాను, కానీ నోరు ఊరుకుంటేనా. చెబుతూ చెబుతూ, మొట్టమొదటిసారి నా ఉద్యోగం ఏమిటో ఆవిడకి అర్థమయ్యేలా చెప్పగలిగాను. పెట్రోలు కూడా కర్పూరం లాంటిదేనండీ, మూత వేసినా హరించుకుపోతుంది, అలా పోకుండా మేము దానికి మిరియాలకి బదులు బొగ్గు పెడతాం అన్నాను. ఆవిడ చపాతీ వత్తడం ఆపి, కర్ర పక్కన పెట్టారు.

"ఆ మాట ముందే చెబితే ఇంకో నాలుగు మిరియాలు వేసేదాన్ని కదే అమ్మాయ్," అన్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. సార్ కూడా లేరు. ఇప్పుడు కార్లు ఎండలో ఎంతసేపున్నా తలుపు తీస్తే పెట్రోలు వాసన రాదు, నిమ్మకాయ పట్టుకుని కూర్చునే మేనత్తలూ లేరు, లోపం ఎక్కడుందో బండే చెప్పేస్తుంది, సబ్బునీళ్లు పట్టుకుని బుడగ కోసం ఎవరూ ఎదురు చూడక్కర్లేదు. మేం కోరుకున్నది అదే, అది జరిగింది, నాకు చాలా సంతోషంగా ఉంది. అయినా ఆ పసుపు గుడ్డ మూట గుర్తొస్తే మాత్రం, నేను క్షేమంగా ఇల్లు చేరాలని నాకు తెలియకుండా నా బండిలో ఏదైనా దాచిపెట్టే మనిషి ఇప్పుడెవరూ లేరే అనిపిస్తుంది.

మొన్న సర్వీస్ సెంటర్ నుంచి వచ్చాక మా అమ్మాయి స్నానానికి వెళ్లింది. దాని తాళాలు తలుపు పక్కనే మేకుకి వేలాడుతున్నాయి. లిఫ్టులో కిందికి దిగి, వాచ్‌మన్ భయ్యాని పిలిచి స్టెప్నీ ఎత్తించాను. మిరియాలు ఎనిమిది వేశాను.