బీర్‌గావ్‌లో శీను బండి మసి తీయించిన రోజు

మా అబ్బాయి శీను పోయి ఏడాది దాటింది. కూరగాయల లోడుతో బిలాస్‌పూర్ నుంచి వస్తూ, ధర్సీవా దగ్గర లోడు తాడు వదులైందని తన చిన్న డీజిల్ ట్రక్కు బండి పక్కకు ఆపి దిగాడు. వెనక నుంచి వచ్చిన లారీ వాడిని కొట్టేసింది. బండికి గీత కూడా పడలేదు. పోలీసులు వదిలాక అది మోవాలో మా ఇంటి వాకిట్లోకి వచ్చి నిలబడింది. స్టార్ట్ చేయకపోతే బ్యాటరీ పోతుందని ఎవరో అన్నారు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే వాడి సీట్లో కూర్చుని నేనే తాళం తిప్పేదాన్ని. నాకు బండి నడపడం రాదు, తాళం తిప్పడం వచ్చు. మండీకి బయలుదేరే ముందు వాడు ఇంజిను వేడి చేసుకునే చప్పుడు అదే. కాసేపు విని ఆపేసేదాన్ని. గేటు మాత్రం దాటనివ్వలేదు. కోడలు రేవతి లైసెన్సు తెచ్చుకున్నా తాళం ఇవ్వలేదు.

ఈమధ్య దేవేంద్ర నగర్‌లో ఒక హాస్టల్ మెస్సుకు కూరగాయలు వేసే పని రేవతికి దొరికింది. సోమవారం మొదలు పెట్టాలి. బండి లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ఇక తప్పక తాళం ఇచ్చాను. తీరా చూస్తే మీటరు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది, ఎంత తొక్కినా బండి పాకుతోంది. పొగ వెళ్లే దారిలో ఫిల్టరు మూసుకుపోయి ఉంటుందని, బీర్‌గావ్‌లో దాన్ని విప్పి శుభ్రం చేసేవాళ్లున్నారని పక్కింటివాళ్లు చెప్పారు. ఇదే పని మీద అటు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

శనివారం ఉదయం ఏడింటికి బయలుదేరాం. ఉర్లా ఫ్యాక్టరీల లారీలు రోడ్డు నింపేలోపు చేరాలని అనుకున్నాం. అరగంట దారికి మాకు గంటన్నర పట్టింది. వెనకున్న ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి పక్కకొచ్చి, "భాభీ, దీనికి ఎద్దుల్ని కట్టుకోరాదూ!" అని హిందీలో అరిచాడు. రేవతి అద్దం దించి, "ఒక ఎద్దు తక్కువైంది, నువ్వొచ్చెయ్!" అంది. ఆ బండిలో కూర్చుని నవ్వొచ్చినందుకు నాకు నా మీదే అసహ్యం వేసింది.

బీర్‌గావ్‌లో మొదట ఆగిన షెడ్డువాడు బండి కింద చూసి తేల్చేశాడు. "ఫిల్టరు లోపలి జల్లెడ పగలగొట్టి ఖాళీ డబ్బా బిగించేస్తా. గంటలో పని."

"రేపు పొల్యూషన్ కాగితం నువ్విస్తావా భయ్యా?" అని రేవతి బండి ముందుకు తీసింది.

రెండో షెడ్డు సాహు అనే ముసలాయనది. మిషను తగిలించి చూసి, ఫిల్టరు నిండిపోయిందనీ, విప్పాల్సిందేననీ అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "గాడీ లా రోజ్ ఖడే-ఖడే చాలూ కరత్ రహేవ్ కా, దాయీ?" అన్నాడు. రోజూ నిలబెట్టే స్టార్ట్ చేసేవారా అమ్మా అని. అవునన్నాను.

"అదే కొంప ముంచింది. నిలబెట్టి తిప్పితే పొగలో వేడి చాలదు. ఫిల్టరు బాగా కాగితేనే లోపలి మసి కాలుతుంది. మీరు రోజూ మసి తినిపించారు, అరిగించుకోవడానికి పరుగు పెట్టనివ్వలేదు."

"మా అబ్బాయి బండి," అన్నాను. ఇంకేం చెప్పను? ఆయన పానా అందుకున్నాడు.

డబ్బా విప్పి గాలి పైపుతో వెనకనుంచి ఊదాడు. పట్టిన సంచిలోకి మసి దిగుతూనే ఉంది. ఇంజినులోకి గాలి వెళ్లే గొట్టం కూడా మాడిన బెల్లం పాకంలా గడ్డకట్టింది. దాన్ని గీకి తీశారు. మసి కాలిపోతుంది గానీ అడుగున చేరిన బూడిద కాలదనీ, దాన్ని ఇలా బయటికి తోయాల్సిందేననీ చెప్పాడు. నేను దగ్గరికెళ్లి, "ఆ సంచిలోది కొంచెం ఇస్తావా బాబూ?" అన్నాను.

"ఏటత్తా ఇది? అది విషం," అని రేవతి నా చెయ్యి పట్టి లాగింది.

"ముక్కుకు గుడ్డ కట్టుకో దాయీ," అని సాహు సంచి మూతి బిగించేశాడు. అందులో మా శీను తిరిగిన రోడ్ల మసి ఎంతో, నేను కూర్చుని నింపింది ఎంతో విడదీసేదెవరు?

సాయంత్రం నాలుగింటికి బిగించారు. ఏడు వేలు అయింది. మిగిలిన మసి కాలాలంటే అరగంటపాటు ఆగకుండా ఒకే జోరుతో నడపాలని, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుందని సాహు చెప్పాడు. "సీదా బిలాస్‌పూర్ రోడ్డు పట్టుకోండి. అక్కడైతే ఖాళీ."

శీను పోయిన ఆ రోడ్డు మీదికే రేవతి బండి తిప్పింది. ధర్సీవా వస్తుండగా రేవతి కాలు తేలికైంది, ఇంజిను చప్పుడు తగ్గింది. వాడు పోయిన చోటు ఆమె అప్పట్లో చూసింది, నేను ఎప్పుడూ చూడలేదు.

"ఆపమంటావేటి అత్తా?"

రోడ్డు పక్కన ఏమీ లేదు. మట్టి, ఎండిన గడ్డి. దిగి ఆ మట్టి మీద పడుకోవాలనిపించింది.

"ఆపకు. తొక్కు."

రేవతి తొక్కింది. ఏడుస్తూనే నడిపింది. సిమ్గా దగ్గరపడుతుండగా ఆ పసుప్పచ్చ దీపం ఆరిపోయింది.

ఇప్పుడు రేవతి రోజూ బండి తీసుకెళ్తోంది. తిరిగొచ్చేదాకా నాకు ప్రాణం నిలవదు. ఈ భయం పోతుందని ఎవరూ నాకు చెప్పకండి, పోదు. కానీ నా భయం కోసం ఆ పిల్లను గేటు లోపల ఉంచే హక్కు నాకు లేదని ఆ రోడ్డు మీద తెలిసింది.

ఇలాంటి డీజిల్ బండి ఉన్నవాళ్లకు ఒక్క మాట. కొన్నాళ్లు నిలపాల్సి వస్తే బ్యాటరీ తీగ విప్పి పెట్టండి, నిలబెట్టి ఇంజిను తిప్పకండి. తిప్పాలని మనసు పీకితే, నడపడం వచ్చినవాళ్లకు తాళమిచ్చి పెద్ద రోడ్డు మీదకు పంపండి.