అనప పూల ముందు నిలబెట్టిన రాగిచేను

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే రకం కాదు. చింతామణిలో ఇరవై ఏండ్లుగా పెండ్లి ఫోటోలు తీసి బతుకుతున్నవాణ్ణి. పెండ్లికొడుకు పొట్ట తగ్గించడం, పెండ్లికూతురి నాయన నెత్తిన నాలుగు వెంట్రుకలు మొలిపించడం నా వృత్తిధర్మం. నా నోరూ అదే పని చేస్తుంది. మా వీధిలో జల్లు పడితే చిక్కబళ్ళాపురం దాకా వరద పారిందంటాను. పక్కింటి పిల్లి తుమ్మితే పులి గాండ్రించిందంటాను. కాబట్టి ఇందులో గోరంతలు కొండంతలైన చోట్లుంటాయి. ఒక్కచోట మాత్రం ఆ గోరంత కూడా లేదు, మొత్తం కల్పనే. అదెక్కడో చివర చెప్తాను. కోపం మాత్రం అసలుది. దాన్ని పెంచి రాయడం నా వల్ల కూడా కాలేదు.

మా మేనత్తది బాగేపల్లి దాపున ఒక పల్లె. మామ పోయి నాలుగేండ్లు. ఆమెకున్నది మూడెకరాల వర్షాధారపు చేను, ప్రపంచంలోకెల్లా పెద్ద నోరు. ఆమె చేలో నిలబడి కోడిని అదిలిస్తే ఆంధ్రా సరిహద్దు అవతల కోళ్ళు గూట్లోకి దూరతాయి. ఆ మూడెకరాల్లో ఆమె వేసేది రాగి. రాగి మధ్యన ఆరేడు సాళ్ళకొక సాలు అనప, అదే అనుములు. అది ఆమె కనిపెట్టింది కాదు, వాళ్ళత్త వేసింది, వాళ్ళత్తకత్త వేసింది. రాగి ఎండితే అనపైనా నిలుస్తుంది, అనపకు పురుగు పడితే రాగైనా మిగులుతుంది. పైగా చలికాలంలో ముద్దలోకి అనపగింజలు నానబెట్టి పితికి చేసే పితికిపప్పు పులుసు కావాలి కదా. మా వైపు ముద్ద ఒకచోట, పులుసు ఒకచోట పండవు. రెండూ ఒకే చేలో పండుతాయి.

కిందటేడు చేను తడవకముందే మా బావ, అంటే ఆమె కొడుకు, ఒక మాట అన్నాడు. అతను చిక్కబళ్ళాపురంలో వ్యాను నడుపుతాడు. చెడ్డవాడేమీ కాదు, చాలీచాలక విసిగిపోయిన మనిషి.

"అమ్మా, ఇదే కడాపటి ఏడు. నీ రాగి సర్కారు ధరకు పోతే సరే, చేను నీది, నీ ఇష్టం. మండీకి పోతే మాత్రం నేనొప్పుకోను. గులాబీల కంపెనీవాళ్ళు గుత్తకడుగుతాండారు, ఇచ్చేస్తా."

"పోతాది పోరా," అంది అత్త. "నా రాగిని కాదనే మొగోడు యాడుండాడు?"

ఉన్నాడు. మొగోడు కాదు, ఫోను.

సర్కారు మీ రాగి కొనాలంటే ముందు మీరు రాగి వేశారని సర్కారుకు తెలియాలి. దానికి బెళె సమీక్ష అని ఒకటుంది, పంటల సర్వే. చేనుకు ఇంత అని ఇచ్చి, చుట్టుపక్కల మనుషుల చేతనే ఫోన్లో ఫోటోలు తీయిస్తారు. ఆ ఫోటోలో ఉన్న పంటే మీ పహణిలోకి, అంటే చేను రికార్డులోకి ఎక్కుతుంది. అత్త చేనికి వచ్చినాయన పక్కపల్లెలో కోళ్ళంగడి పెట్టుకున్న మనిషి. ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి అనప కింద కాయ పట్టి, పైన విరగబూసి ఉంది.

"పెద్దమ్మా, ఏం పంటేసిండావు?"

"కండ్లు లేవా అప్పా? రాగి."

"ఫోటో తియ్యల్ల."

అత్త అతన్ని ఆపేసింది. "ఈడ కాదప్పా, ఇట్లా రా. ఎనక పూలుండల్ల. అప్పుడే ఫోటో కళగా వచ్చేది. మా అన్న కొడుకు చింతామణిలో ఫోటోలు తీస్తాడు, వాడు చెప్పినాడు."

చెప్పినవాణ్ణి నేనే. ఏదో పెండ్లిలో ఆమెను బంతిపూల తోరణం ముందు నిలబెట్టి, "ఎనక పూలుండల్ల అత్తా, లేకుంటే కళ రాదు" అన్నాను. ఆ మాట ఆమె వేదంలా పట్టుకుంది. కోళ్ళాయన్ని తీసుకెళ్ళి అనప సాలు ముందు నిలబెట్టింది, కొంగు సర్దుకుని ఆ పూల ముందు తనూ నిలబడింది. పోతూ పోతూ అతనికి ఒడినిండా అనపకాయలు కోసిచ్చింది. నా లెక్కలో అవి ఒక లారీడు.

ఫోటోలో అనప పూలు. పహణిలో అనప.

సంగతి ఆఫీసులో బయటపడ్డాక నేను అతని అంగడికి పోయి అడిగాను. కోడి ఈకలు పీకుతూనే చెప్పాడు: "నేనేం చేసేదన్నా? ఫోటోలో అనప కనిపిస్తాంటే రాగి అని రాస్తే పైనోళ్ళు తిరగ్గొడతారు. రెండు పంటలూ ఎక్కియ్యాలంటే ఇంకో నాలుగు ఫోటోలు. సిగ్నలు కోసం నేను గుట్టెక్కల్ల. చేనుకిచ్చే దుడ్డు టీనీళ్ళకు రాదు." అతని మీద కోప్పడదామని పోయినవాణ్ణి, కిలో కోడికూర కొనుక్కుని వచ్చాను.

రాగి నూర్చి, తూర్పారబట్టి, మూటలు కట్టాక, కొనుగోలుకు పేరు రాయించడానికి అత్తతో నేనూ పోయాను. ఏ తాలూకాలోనో చెప్పను. చెప్తే ఒక ఊరివాళ్ళకే కోపం. చెప్పకపోతే బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం మూడూళ్ళవాళ్ళూ అది తమదేననుకుంటారు. అదే న్యాయం. వరస ఎంత పొడవుందంటే, ముందున్నవాడు నిలబడినప్పుడు నల్లగా ఉన్న మీసం బల్ల దగ్గరికి చేరేసరికి నెరిసింది. గోడమీద రెండు బొమ్మలు అంటించారు. ఒకదాంట్లో రాగి కంకులు పట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి. సిరిధాన్యాలు తినండి, ఆరోగ్యంగా ఉండండి అని దాని కింద. రెండోదాంట్లో, ఇది నేను పెంచింది కాదు, మిశ్రమ పంటలు వేయండి, నేలను కాపాడండి అని రాసుంది.

బల్ల వెనక ఆఫీసరు మంచివాడే. అదే నా కడుపుమంట. దుర్మార్గుడైతే తిట్టుకుని తేలిగ్గా ఇంటికి పోయేవాళ్ళం.

"అమ్మా, నీ పహణిలో రాగి లేదు. అనప ఉండాది."

"నాది రాగిచేనప్పా. అనప సాళ్ళల్లో ఏసింది."

"నాకు తెలుస్తాదమ్మా, మా ఇంట్లోనూ అట్లే ఏస్తారు. సిస్టమ్‌కు తెలీదు. తప్పుంటే ఆక్షేపణ ఎయ్యమని మెసేజ్ పంపించిండారు. గడువు దాటిపోయిండాది."

మెసేజ్ పోయింది మామ నంబరుకు. చచ్చిపోయిన మామకు. ఆయన ఆక్షేపించలేదు.

అప్పుడు అత్త సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. పైగిన్నెలో పితికిపప్పు పులుసు, కిందిగిన్నెలో నా తలకాయంత రాగిముద్ద. ఇంతదూరం అది తినడానికి తెచ్చుకుందనుకున్నాను. సాక్ష్యానికి తెచ్చిందట.

"తిను నాయనా. తిని చెప్పు, ఇది అనపతో చేసిన ముద్దా?"

వద్దన్నాడు. పులుసు వాసన తగిలింది. చుట్టూ చూశాడు. ఒక తుంట తుంచి పులుసులో ముంచాడు. తర్వాత ఇంకో తుంట. కండ్లు మూసుకుని మింగాడు. డబ్బా సగమయ్యాక చేయి కడుక్కొచ్చి కూర్చున్నాడు.

"రాగే తల్లీ. ఇట్లాటి ముద్ద తిని ఎన్ని దినాలాయెనో. కానీ కంప్యూటర్లో అనపే ఉండాది."

నా ఒళ్ళు మండింది. బల్లమీద గుద్దాను. నీళ్ళ గ్లాసు ఎగిరి రాగి కంకుల బొమ్మకు తగిలింది. "ఏం సార్!" అన్నాను. "గోడమీద మిశ్రమ పంట ఏయమంటారు, ఏస్తే పహణిలో చంపేస్తారు. రాగి తినమంటారు, పండించినోళ్ళ దగ్గర కొనమంటే ఫోటో అడుగుతారు. మీ ఫోను మూడెకరాల రాగిని చూడలేదు గానీ నాలుగు పూలు చూసిండాది. నోట్లోది నమ్మరా, ఫోన్లోది నమ్ముతారా? మీరు తిన్నారే, ఆ ముద్ద కూడా అబద్ధమేనా?" వరసలో ఉన్న ముప్పైవేల మంది ఒక్కసారిగా అరిచారు. ఆఫీసరు తలదించుకున్నాడు. అత్త గర్వంగా నా భుజం తట్టింది.

అయినా ఏమీ మారలేదు. రాగి మండీకే పోయింది, అక్కడివాళ్ళు చెప్పిన ధరకే. బావ మాటకు నిలబడ్డాడు. ఈ ఏడు ఆ చేను మీద తెల్ల పాలిథీన్ కప్పు ఉంది, దాని కింద గులాబీలు. అత్త ఇప్పుడు రేషను రాగి తెచ్చుకుంటుంది. చాటలో పోసి ఏరుతూ ఒకసారి అంది: "ఎవురు పండిచ్చిందో గానీ మంచి రాగే నాయనా. పులుసులోకే ఏమీ లేదు."

చేలో ఇప్పుడు యాడ చూసినా పూలే. ముందూ పూలు, ఎనకా పూలు. ఫోటో ఎట్లా తీసినా కళగా వస్తుంది. ఈసారి సమీక్షలో తప్పు దొర్లదు.

ఇక చివర చెప్తానన్నది. లారీడు అనపకాయలు నిజానికి ఒక ఒడి. ముద్ద నా పిడికిలికన్నా కాస్త పెద్దది. వరసలో ముప్పైవేలు కాదు, నలభైమంది ఉండొచ్చు. అవి పెంచి చెప్పినవి, కల్పించినవి కావు. ఫోటో నిజం, పహణి నిజం, గోడమీది రెండు బొమ్మలూ నిజం, ఆఫీసరు సగం డబ్బా తినడం నిజం. బల్లమీద గుద్దింది, అరిచింది, ఆ ఉపన్యాసం, ఆఫీసరు తలదించుకోవడం, అత్త భుజం తట్టడం, ఇవే నేను కల్పించినవి. ఆ మాటలన్నీ బస్సులో తిరిగొస్తుంటే నోట్లోకొచ్చాయి. అక్కడ మాత్రం నేను చేతులు కట్టుకుని, "సరే సార్" అన్నాను. అత్త నా మొహంలోకి చూసింది. పులుసు గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని నేనే మూత పెట్టాను.